లా స్కూలుకు ముందు నాలుగేళ్లు: ఏథెన్స్‌లోనా, ఆన్ ఆర్బర్‌లోనా?

ప్రశ్న: నమస్కారం. మాది గుంటూరు జిల్లా. పద్నాలుగేళ్లుగా అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమింగ్‌లో ఉంటున్నాం. ఈ దేశంలోనే పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి చదువుతోంది. మా గ్రీన్ కార్డు కోసం మేము పడ్డ అవస్థ చిన్నప్పటి నుంచి చూసినందువల్లనో ఏమో, ఇమిగ్రేషన్ లాయరు కావాలని తొమ్మిదో తరగతి నుంచి పట్టుబట్టి కూర్చుంది. ఏథెన్స్‌లోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో, బాగా చదివే పిల్లల కోసం ఉన్న ఆనర్స్ కాలేజీలో సీటు వచ్చింది, ట్యూషన్ ఫీజు రాష్ట్రమే కట్టే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు కూడా అర్హత ఉంది. ఆన్ ఆర్బర్‌లోని యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లోనూ సీటు వచ్చింది కానీ అక్కడ సహాయం ఏమీ ఇవ్వలేదు. పిల్లల చదువు కోసం కూడబెట్టే 529 ఖాతాలో లక్షా 20 వేల డాలర్లు ఉన్నాయి. జీతాల్లోంచి ఏడాదికి మరో 20 వేలు పెట్టగలం. "పెద్ద లా స్కూళ్లు పెద్ద కాలేజీల వాళ్లనే తీసుకుంటాయి, ఇప్పుడు వెనకాడితే తర్వాత ఏడ్వాల్సి వస్తుంది" అని మా వారంటున్నారు. అమ్మాయి మనసు కూడా మిషిగన్ మీదే ఉంది. నాకేమో అంత అప్పంటే భయంగా ఉంది. మే 1 లోపు తేల్చుకోవాలి. ఏది సరైనది? అమ్మాయిని మిషిగన్ పంపకూడదని మేము అనుకుంటే ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలి? (ఒక తల్లి, కమింగ్, జార్జియా)

సమాధానం:

అమ్మా, మీరు ఇచ్చిన లెక్కలను బట్టి, మీ అమ్మాయి లక్ష్యాన్ని బట్టి, ఆమె జార్జియాలో చేరడమే మంచిదని నా అభిప్రాయం. మిషిగన్ తక్కువదని కాదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో దానికి ఉన్న పేరు ఊరికే వచ్చింది కాదు. అయితే మీ ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్న చర్చ ఒక కాలేజీని ఎంచుకోవడం గురించి మాత్రమే అన్నట్టుగా సాగుతోంది. నిజానికి మీరు ఎంచుకుంటున్నది ఏడేళ్ల చదువును. అందులో మొదటి నాలుగేళ్లకు పెట్టే ప్రతి డాలరూ చివరి మూడేళ్ల నుంచి తీసి పెట్టేదే.

ముందుగా మీ వారి అభిప్రాయం గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఆ మాటకు మన సమాజంలో చాలా బలం ఉంది. మన రాష్ట్రాల్లో ఇంటర్ కాగానే లాసెట్ రాసి ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు, లేదా డిగ్రీ అయ్యాక మూడేళ్లది చదవవచ్చు. అమెరికాలో మొదటి దారి లేదు. లా స్కూలుకు ముందు బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, అది ఏ సబ్జెక్టులోదైనా సరే. 'ప్రీ లా' అని అందరూ అంటూ ఉంటారు గానీ, ఎంబీబీఎస్‌కు బైపీసీ లాగా లా స్కూలుకు తప్పనిసరి అయిన సబ్జెక్టులేవీ లేవు. ఫలానా మేజర్ (ప్రధాన సబ్జెక్టు) చదవాలని లాయర్ల జాతీయ సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ సిఫారసు కూడా చేయదు. లా స్కూళ్లలో చరిత్ర, తత్వశాస్త్రం చదివిన వాళ్ల పక్కనే గణితం, నర్సింగ్ చదివిన వాళ్లు కూర్చుంటారు. హార్వర్డ్ లా స్కూల్లో ఒక్క ఏడాది చేరే విద్యార్థులనే తీసుకున్నా వందకు పైగా వేర్వేరు కాలేజీల నుంచి వచ్చిన వాళ్లు ఉంటారు.

అలాగని కాలేజీ పేరుకు విలువే లేదని చెబితే మిమ్మల్ని మభ్యపెట్టినట్టవుతుంది. అగ్రశ్రేణి లా స్కూళ్లలో పేరున్న కాలేజీల పిల్లలు ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ ఆ పిల్లలు పదిహేడేళ్ల వయసులోనే పరీక్షల్లో ఆరితేరి ఆ కాలేజీల్లో చేరిన వాళ్లు. నాలుగేళ్ల తర్వాత మరో పరీక్షలో వాళ్లకు మంచి స్కోరు వస్తే అందులో కాలేజీ పాత్ర ఎంత, పిల్లల పాత్ర ఎంత అన్నది విడదీసి చూడాలి. మిషిగన్ సీటు ఇచ్చిన అమ్మాయి జార్జియాలో చేరినంత మాత్రాన మరొక మనిషి అయిపోదు.

లా స్కూల్ అడ్మిషన్ లోపలి పని ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. రెండు వందల మంది కొత్త విద్యార్థులను జీపీఏ (డిగ్రీలో వచ్చిన గ్రేడ్ల సగటు) ప్రకారం పొడవాటి వరుసలో నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో నిలబడిన విద్యార్థి జీపీఏని మీడియన్ అంటారు. లా స్కూల్ ప్రవేశ పరీక్ష అయిన ఎల్‌శాట్ స్కోరుతోనూ ఇలాగే మరో వరుస ఉంటుంది. ర్యాంకులు కట్టే సంస్థ ఈ రెండు మీడియన్లనూ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, ప్రతి లా స్కూలూ వాటిని కాపాడుకోవడానికి ఆరాటపడుతుంది. 2022 నవంబరులో యేల్, హార్వర్డ్ లా స్కూళ్లు ఆ ర్యాంకుల నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాక కూడా ఈ ఆరాటం పెద్దగా తగ్గలేదు. మీడియన్‌కు పైన ఉన్న దరఖాస్తుదారు బడికి లాభం, అందుకే స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలుస్తారు. మీడియన్‌కు కింద ఉన్నవారు ఎంత పెద్ద కాలేజీ నుంచి వచ్చినా ఆ వరుసలో వారి స్థానం మారదు. డిగ్రీ కాలేజీ పేరు ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు కాస్త మొగ్గు చూపించవచ్చు తప్ప, 3.6 జీపీఏని 3.9 చేయలేదు.

ఈ జీపీఏని కాలేజీ లెక్క ప్రకారం కూడా చూడరు. దరఖాస్తులన్నీ వెళ్లేది లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ ద్వారా. ఆ సంస్థ ప్రతి కాలేజీ మార్కుల పత్రాన్నీ తన సొంత కొలతలోకి మార్చుకుంటుంది. దాని ప్రకారం ఏ ప్లస్‌కు 4.33, ఏకు 4.00, ఏ మైనస్‌కు 3.67. ఇక్కడ మీ వారికి అనుకూలమైన ఒక విషయం ఉంది, దాచడం న్యాయం కాదు. మిషిగన్‌లో ఏ ప్లస్ గ్రేడు ఇస్తారు, జార్జియాలో ఏతోనే ఆగిపోతుంది. అందువల్ల ఆన్ ఆర్బర్‌లో అద్భుతంగా చదివిన విద్యార్థి కౌన్సిల్ లెక్కలో 4.00 దాటే అవకాశం ఉంది, ఏథెన్స్‌లో చదివిన వారికి ఆ అవకాశం లేదు. అయితే ఏ ప్లస్‌లు వరుసగా తెచ్చుకోవడం ఎంత కష్టమో, మధ్యలో ఒక్క బీ వస్తే మూడు ఏ ప్లస్‌ల లాభం ఎలా కొట్టుకుపోతుందో కూడా ఆలోచించాలి. పైగా కౌన్సిల్ పంపే నివేదికలో ఆ కాలేజీ నుంచి దరఖాస్తు చేసే వాళ్ల గ్రేడ్లు సాధారణంగా ఎలా ఉంటాయో కూడా కనిపిస్తుంది కాబట్టి, ఏ కాలేజీలో ఏ గ్రేడుకు ఎంత విలువో అడ్మిషన్ అధికారులకు తెలియకుండా పోదు.

ఎల్‌శాట్ విషయంలో రెండు కాలేజీలకూ తేడా లేదు. 120 నుంచి 180 దాకా స్కోరు ఉండే ఆ పరీక్షలో మన పిల్లలను ఒకప్పుడు భయపెట్టిన లాజిక్ గేమ్స్ భాగాన్ని 2024 ఆగస్టు నుంచి తీసేశారు. ఇప్పుడు మిగిలినవి వాదనల్లో లోపాలను పట్టుకునే విభాగాలు, కఠినమైన గద్యాన్ని చదివి అర్థం చేసుకునే విభాగం. అంటే నాలుగేళ్లపాటు చిక్కుపడిన వచనాన్ని ఓపికగా చదివిన అలవాటే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఆ అలవాటు ఏథెన్స్‌లో తత్వశాస్త్రం క్లాసులోనూ వస్తుంది, ఆన్ ఆర్బర్‌లోనూ వస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఉత్తరంలో మీరు భయం అని రాశారు గానీ, మీ దగ్గరున్న అంకెలను వరుసగా పెట్టి చూస్తే అది వివేకమనే తోస్తుంది. మిషిగన్‌లో ఇతర రాష్ట్రాల విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్లు దాటింది. వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు కలిపితే 80 వేలు దాటుతుంది, ఏటా కొంత పెరుగుతుంది కూడా. నాలుగేళ్లకు తక్కువలో తక్కువ 3 లక్షల 20 వేలు. మీ జీతాల్లోంచి పెట్టే 80 వేలు, 529 ఖాతాలోని మొత్తం లక్షా 20 వేలు అందులో పోసినా ఇంకా లక్షా 20 వేలకు పైగా లోటు ఉంటుంది. అంటే రెండో ఏడాది పూర్తయ్యేసరికి, మీరు పద్నాలుగేళ్లుగా కూడబెట్టిన ఖాతా ఖాళీ అవుతుంది, అసలు చదువు ఇంకా మొదలే కాదు.

ఆ లోటు పూడ్చడానికి ఇంతకుముందున్న దారి కూడా ఇరుకైపోయింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వం దగ్గర తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పుకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 20 వేలు, మొత్తం మీద 65 వేలు పరిమితి. అమ్మాయి తన పేరున నాలుగేళ్లలో తీసుకోగల ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అప్పు 27 వేలు. రెండూ పూర్తిగా వాడుకున్నా 92 వేలే. మిగిలినది ప్రైవేటు బ్యాంకు దగ్గర, మీ హామీ సంతకంతో తీసుకోవాలి. ఆ సంతకం పెట్టాక అది మీ అప్పు కూడా అవుతుంది. మన ఊళ్లో పక్కింటాయన బాకీ పత్రం మీద సాక్షి సంతకం పెట్టడానికే పది సార్లు ఆలోచించేవాళ్లం. ఇక్కడ కంప్యూటర్ తెర మీద ఒక మీట నొక్కితే అయిపోతుంది కనుక దాని బరువు వెంటనే తెలియదు.

జార్జియా వైపు చూద్దాం. గవర్నర్ జెల్ మిల్లర్ కాలంలో, 1993లో, రాష్ట్ర లాటరీ ఆదాయంతో మొదలైన హోప్ స్కాలర్‌షిప్‌కు పై మెట్టుగా వచ్చిందే మీ అమ్మాయికి అర్హత వచ్చిన జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్. హైస్కూల్లో 3.7 జీపీఏతో పాటు కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్‌లో ఒకే విడతలో 1200 లేదా ఏసీటీలో దానికి సమానమైన స్కోరు తెచ్చుకున్న పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ మొత్తం చెల్లిస్తుంది. అయితే ట్యూషన్ మాత్రమేనని గుర్తుంచుకోండి. వసతి, భోజనం, విశ్వవిద్యాలయం విడిగా వేసే ఫీజులు, పుస్తకాలు మీవే. మీ అమ్మాయి విషయంలో ఇవన్నీ కలిపి ఏడాదికి 20 వేల డాలర్లకు అటూ ఇటూగా తేలతాయి, అంటే సరిగ్గా మీరు జీతాల్లోంచి పెట్టగలమన్న మొత్తం. స్కాలర్‌షిప్ నిలబెట్టుకోవడానికి కాలేజీలో 3.3 జీపీఏ ఉండాలి. లా స్కూలుకు గురి పెట్టిన విద్యార్థి అంతకన్నా చాలా పైనే ఉండాలి కాబట్టి ఆ షరతు మీకు అదనపు భారం కాదు. ఒకవేళ కింద పడినా 3.0 పైన ఉంటే హోప్ మిగులుతుంది.

అంటే ఏథెన్స్ నుంచి పట్టా తీసుకునే రోజున మీకు అప్పు లేకపోవడమే కాదు, 529 ఖాతాలో లక్షా 20 వేలు, దాని మీద నాలుగేళ్ల పెరుగుదల చెక్కుచెదరకుండా ఉంటాయి. 529 సొమ్మును బ్యాచిలర్ డిగ్రీకే వాడాలన్న నియమం లేదు, లా స్కూలుకు కూడా వాడవచ్చు. స్కాలర్‌షిప్ వచ్చింది కదా, ఆ మేరకు డబ్బు బయటికి తీసి కారు కొందాం, ఇంటి మరమ్మతు చేయిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అలా తీస్తే పది శాతం జరిమానా మాఫీ అవుతుందేమో గానీ, లాభం మీద పన్ను కట్టాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఆ డబ్బు అవసరమయ్యే రోజు ముందుంది.

ఆ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. అమెరికాలో ఏ లా స్కూల్లో చదివారన్నది ఉద్యోగం విషయంలో నిజంగా తేడా తెస్తుంది; పేరుకు విలువ ఉన్న చోటు అదే. న్యూయార్క్‌లో కొలంబియా వంటి లా స్కూల్లో ట్యూషన్, నివాసం కలిపి ఏడాదికి లక్షా 20 వేల డాలర్లు దాటుతోంది. ఇంతకుముందు ఆ ఖర్చు మొత్తానికీ గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ అప్పు దొరికేది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వాళ్లకు అది లేదు. లా చదివే వారికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలకు, మొత్తం 2 లక్షలకు పరిమితం చేశారు. మిగిలిన 70 వేలు ప్రతి ఏడాదీ ఎక్కడి నుంచి వస్తాయి? స్కాలర్‌షిప్ అయినా రావాలి, కుటుంబం అయినా పెట్టాలి, లేదా ప్రైవేటు అప్పు తీసుకోవాలి. మిషిగన్ బాకీలతో అక్కడికి చేరిన అమ్మాయికి కుటుంబం పెట్టగలిగే దారి మూసుకుపోయి ఉంటుంది. ఏథెన్స్ నుంచి చేరిన అమ్మాయికి 529 ఖాతా ఉంటుంది. మరో వైపు, తాను చదివిన ఏథెన్స్‌లోనే ఉన్న లా స్కూల్లో జార్జియా నివాసిగా చేరితే ట్యూషన్ ఏడాదికి 20 వేల లోపే; జీవన వ్యయం కలుపుకొన్నా మీ ఖాతా మూడేళ్లకూ ఇంచుమించు సరిపోతుంది. అప్పు లేకుండా లాయరు కావడం ఈ దేశంలో ఎంత అరుదో ఏ యువ న్యాయవాదినైనా అడిగి చూడండి.

ఆమె ఇమిగ్రేషన్ చట్టం వైపు వెళ్లాలనుకుంటోందని రాశారు. ఇది నా సలహాలో అన్నింటికన్నా బరువైన అంశం. లా పట్టభద్రుల జీతాల పట్టికను గీసి చూస్తే ఒంటె వీపులా రెండు మూపురాలు కనిపిస్తాయి. పెద్ద కార్పొరేట్ సంస్థల్లో మొదటి ఏడాది జీతం 2 లక్షల 25 వేల డాలర్లు. శరణార్థుల తరఫున వాదించే స్వచ్ఛంద సంస్థలు, పేదల న్యాయ సహాయ కేంద్రాలు, లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ డిఫెండర్ కార్యాలయాలు ఇచ్చేది అందులో మూడో వంతు ఉంటే గొప్ప. మధ్యలో ఉన్నవాళ్లు తక్కువ. మీ అమ్మాయి మనసు రెండో వైపు ఉంది. అప్పు నెత్తిన ఉన్న లాయరు రెండో వైపు వెళ్లాలనుకున్నా బ్యాంకు మొదటి వైపుకే నడిపిస్తుంది. ప్రజాసేవ ఉద్యోగాల్లో పదేళ్లు, అంటే 120 వాయిదాలు కట్టిన తర్వాత మిగిలిన ఫెడరల్ అప్పును మాఫీ చేసే పథకం ఉంది, కానీ అది ప్రైవేటు అప్పులకు వర్తించదు. అందుకే ఏ అప్పు అన్నది కూడా ఎంత అప్పు అన్నంత ముఖ్యం.

నా వాదనలో బలహీనమైన చోటు ఒకటి ఉంది. పదిహేడేళ్ల వయసులో లాయరు అవుతానన్న పిల్లలందరూ లాయర్లు కారు. మూడో ఏడాదికి మీ అమ్మాయికి ఆర్థికశాస్త్రం నచ్చి కన్సల్టింగ్ ఉద్యోగం చేయాలనిపిస్తే, క్యాంపస్‌కు వచ్చి ఉద్యోగాలిచ్చే పెద్ద సంస్థల విషయంలో మిషిగన్‌కు ఉన్న పరిచయాలు జార్జియాకు అంతగా ఉండవు. అప్పుడు పేరు నేరుగా పనికొస్తుంది. అలాగే మిషిగన్ సగానికి పైగా ఖర్చు భరించే స్కాలర్‌షిప్ ఇచ్చి ఉంటే, లేదా మీ ఖాతాలో ఉన్నది మూడింతలై ఉంటే, నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాను. మీ స్థితిలో మాత్రం, జరగవచ్చునో లేదో తెలియని ఆ మార్పు కోసం రెండున్నర లక్షల డాలర్ల తేడాను భరించడం సబబు కాదు.

ఒక ఏడాది మిషిగన్‌లో ఉంటే ఆ రాష్ట్ర నివాసి అయి ఫీజు తగ్గుతుంది కదా అని మీకెవరైనా చెప్పి ఉండవచ్చు. ఈ మాట మన వాళ్ల విందుల్లో తరచుగా వినిపిస్తుంది. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి నివాసాన్ని తల్లిదండ్రుల నివాసాన్ని బట్టే చూస్తారు, పైగా చదువు కోసం వచ్చి ఉండటాన్ని స్థిర నివాసంగా లెక్కించరు. ఆ ఆశ పెట్టుకోవద్దు.

మీ ప్రశ్న పరిధిలోది కాకపోయినా, ఇది చదివే ఇతర కుటుంబాల కోసం ఒక్క మాట. హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌లూ ఫెడరల్ అప్పులూ పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, చట్టం గుర్తించిన మరికొన్ని వర్గాలకే. తల్లి లేదా తండ్రి హెచ్1బీ ఉద్యోగాన్ని బట్టి వచ్చే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలు జార్జియాలో పదేళ్లు చదివినా వీటికి అర్హులు కారు. వారి లెక్క పూర్తిగా వేరు, ఇక్కడి సలహాను వారికి యథాతథంగా అన్వయించకండి.

అమ్మాయికి ఎలా చెప్పాలని అడిగారు. "డబ్బు లేదు కాబట్టి వద్దు" అని చెప్పకండి, అది నిజం కూడా కాదు. డబ్బు ఉంది, దాన్ని ఎప్పుడు వాడాలన్నదే ప్రశ్న. ఆమెను ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, 529 ఖాతా స్టేట్‌మెంటు ముందు పెట్టి, ఆమెకు నచ్చిన నాలుగైదు లా స్కూళ్ల వెబ్‌సైట్లలో 509 నివేదిక తెరవమనండి. అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం ప్రతి లా స్కూలూ ఏటా డిసెంబరులో దాన్ని ప్రచురించాలి. అందులో విద్యార్థుల ఎల్‌శాట్, జీపీఏ మీడియన్లు, ఎంతమందికి ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చారు, షరతులతో ఇచ్చిన స్కాలర్‌షిప్‌ను ఎంతమంది పోగొట్టుకున్నారు అన్నీ ఉంటాయి. విద్యార్థులు ఏ డిగ్రీ కాలేజీ నుంచి వచ్చారన్న గడి మాత్రం అందులో ఉండదు. ఆ గడి లేకపోవడాన్ని ఆమే గమనించనివ్వండి. వాదించడం ఇష్టమైన పిల్ల కదా, సాక్ష్యం చూపిస్తే మీ ఉపన్యాసం కన్నా ఎక్కువ నమ్ముతుంది.

ఇంకొకటి. మిషిగన్ మీద ఆమె మనసు పడటానికి కారణం లా స్కూలే అయి ఉండకపోవచ్చు. ఇంటికి దూరంగా ఉండాలన్న కోరిక ఆ వయసులో సహజం, దాన్ని చిన్నబుచ్చకండి. ఏథెన్స్ మీ ఇంటికి గంటన్నర దూరం కూడా ఉండదు. అందుకే ఆమెకు అది దూరంగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ దూరాన్ని మీరే కాస్త పెంచాలి. తను పిలవకుండా రామని, ప్రతి శనివారం పులిహోర డబ్బాలూ గోంగూర పచ్చడి సీసాలూ పట్టుకుని హాస్టల్ గుమ్మంలో ప్రత్యక్షం కామని మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. జార్జియా విద్యార్థులకు వాషింగ్టన్‌లో ఒక సెమిస్టరు గడిపే కార్యక్రమం ఉంది, అక్కడ విశ్వవిద్యాలయానికి సొంత నివాస భవనం కూడా ఉంది. ఇమిగ్రేషన్ చట్టాలు పుట్టే ఊళ్లో నాలుగు నెలలు గడపడం ఆమెకు ఆన్ ఆర్బర్ కన్నా ఎక్కువే నేర్పవచ్చు. అట్లాంటాలో రాష్ట్ర శాసనసభ జనవరి రెండో సోమవారం మొదలై నలభై పనిదినాలు నడుస్తుంది. ఆ సమావేశాల్లో పనిచేసే విద్యార్థులు చట్టం ఎలా తయారవుతుందో పుస్తకం లేకుండా చూస్తారు. ఇవి ఆమెకు వాగ్దానాలుగా కాక అవకాశాలుగా చెప్పండి.

ఏథెన్స్‌లో చేరాక ఆమె జాగ్రత్త పడవలసింది ముఖ్యంగా ఒక్క విషయంలో. రెండూ ముప్పై వేలకు మించిన విద్యార్థులున్న విశ్వవిద్యాలయాలు. మొదటి ఏడాది మూడు వందల మంది కూర్చునే హాల్లో వెనక వరుసలో కూర్చుంటే నాలుగేళ్లయినా ఏ ప్రొఫెసరుకూ పేరు తెలియదు. లా స్కూళ్లు సాధారణంగా రెండు సిఫారసు ఉత్తరాలు అడుగుతాయి, అందులో ఒక్కటైనా ఆమె రాసిన వ్యాసాలు చదివిన ప్రొఫెసరు రాయాలి. ఆనర్స్ కాలేజీలో చిన్న క్లాసులుంటాయి, వాటిని వదులుకోవద్దు.

చివరగా, మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి, కానీ మీ ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు చేసే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో మీ అమ్మాయి ఉందా? నాకు తెలిసిన ఒక కుటుంబంలో అబ్బాయి పదకొండో తరగతి వేసవిలో సరదాగా ఒక కాలేజీ కోర్సు తీసుకుని, ఇంట్లో పెళ్లి హడావిడిలో క్లాసులు ఎగ్గొట్టి, సీ తెచ్చుకున్నాడు. అందరూ దాన్ని మరిచిపోయారు. ఐదేళ్ల తర్వాత లా స్కూల్ దరఖాస్తు నింపుతున్నప్పుడు ఆ కాలేజీ మార్కుల పత్రం కూడా పంపాలని తెలిసింది. బ్యాచిలర్ డిగ్రీకి ముందు ఏ కాలేజీలో తెచ్చుకున్న గ్రేడయినా కౌన్సిల్ జీపీఏలో కలుస్తుంది, పదహారేళ్ల వయసులో తెచ్చుకున్నదైనా సరే. అదే కోర్సు మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా, పత్రంలో రెండు గ్రేడ్లూ కనిపిస్తే రెండింటినీ లెక్కిస్తారు. ఆ ఒక్క సీ అతని సగటును తాను ఆశపడ్డ లా స్కూల్ మీడియన్‌కు ఒక వెంట్రుకవాసి కిందికి దించింది. మీ అమ్మాయి ఈ సెమిస్టరులో అటువంటి కోర్సు ఏదైనా చేస్తుంటే, మే 1 నిర్ణయం గురించిన వాదనలు ఈ వారంలోనే ముగించి, ఆమెను ఫైనల్ పరీక్షలకు చదువుకోనివ్వండి.